శివారు గంటలు

ఆచంట దాటాక కాలువ సన్నబడి
బోదెగా మారే చోట మా మడి.
కావాలనే ముంచాం వరిని, నడుంలోతు నీళ్లలో.

రెండు గంటలకో ఆకు.
తుంచడం, గొట్టంలో వేయడం, టైము రాయడం,
పొగలు కక్కే నత్రజనిలో దించడం.
ఆకు ఏమంటోందో ఆ మాట
సగంలో ఉండగానే గడ్డకట్టాలి.

వెతికేది ఒక్క జన్యువుని.
నీళ్లు తల దాటగానే లేచి
ఎదగకు, పిండి ఖర్చుచెయ్యకు, బిగబట్టు అంటుంది.
అది లేని వంగడం గాలికోసం సాగి సాగి
ముంపు తీసేసరికి దారప్పోగై వాలిపోతుంది.
అది లేస్తుందని అందరికీ తెలుసు.
ఎప్పుడు? అదొక్కటే నా చదువు.

ల్యాప్‌టాప్‌లో నాలుగు సమీకరణాలు.
జన్యువు ప్రోటీనుని పుట్టిస్తుంది,
ప్రోటీను తిరిగొచ్చి జన్యువు నోరు మూస్తుంది.
ఇంతే రాస్తే తెరమీద గీత
కాస్త లేచి, సర్దుకుని, చదునుగా పడుకుంది.
నా ఆకులేమో ఊగుతున్నాయి.

లాకు లస్కరు ఏసోబు బీడీ ఆర్పి తొంగిచూశాడు.
"ఆయ్, విజ్జేశ్వరంలో తలుపెత్తారని ఫోనొస్తదండి.
ఇక్కడ మూడోనాటికిగానీ తడవదు.
ఈలోగా శివారోళ్ల గోల, పైవోళ్లు ఇంకాస్త ఎత్తుతారు.
అంతా కలిసొచ్చి గట్టు తెగుద్ది.
అప్పుడు దించుతారు. అదీ మూడోనాటికే తెలుస్తది."

ఆ రాత్రి కాలం పక్కన ఒక మైనస్ పెట్టాను.
ఇప్పటి జన్యువుకి అందేది
రెండున్నర గంటల కిందటి ప్రోటీను.
గీత ఊగింది.
ఊగి, రెండోరాత్రి రెండింటి దగ్గర
అన్నిటికంటే ఎత్తుకి లేచింది.

ఆ గంటకి నా దగ్గర ఆకు లేదు.
ఎరువు సంచి మీద, బూట్లతోనే నిద్రపోయాను.
అలారం మోగి మోగి ఊరుకుంది.
ముందు ఆకుంది, వెనకాకుంది,
మధ్యన ఓ చుక్క పెట్టడం యంత్రానికి చిటికెలో పని.
పెట్టాను కూడా. చాలా అందంగా కుదిరింది.

పొద్దున్న ఏసోబు గేజీ పుస్తకం తిరగేస్తుంటే
ముప్పయ్యేళ్ల నీలిసిరా అంకెల మధ్య
నాలుగు పూటలు ఖాళీ.
"తుపానప్పుడండి. గేజీ రాయే మునిగిపోయింది.
ఇంజినీరుగారు ఎంతో కొంత వేసెయ్యమన్నారు.
నేనేం చూశానని ఎయ్యను?"

నీళ్లు అన్నిటికంటే ఎత్తున్న పూటే
కొలిచే రాయి కనపడదన్నమాట.

చుక్క తుడిచేశాను.
పన్నెండుకీ నాలుగుకీ నడుమ
పేరు రాసిన ఖాళీ గొట్టం అలాగే ఉంచాను.
వచ్చేవారం పక్క మడి ముంచుతాం.
"రెండింటికి నేను లేపుతాలెండి," అన్నాడు ఏసోబు,
"తలుపు చూడ్డానికి ఎలాగూ లేస్తాను."