గోడ వైపు మూల

అచావో రేవులో తొమ్మిదో రోజూ వాన.
ఎదువిహిస్ చిగ్వాయ్ గొడుగు దులుపుకుని లోపలికొచ్చి
పనిబల్ల మీద దుంపలు దొర్లించింది:
నల్లవి, ఊదావి, పిల్లి గోరులా వంకరవి.
"పదకొండు రకాల విత్తనం. పదకొండు సొరుగులు.
నాటేదాకా ఇవి నిద్రపోవాలి."

రెండు నమూనా మూలలు చేసి ఉంచాను నేను.
ఒకటి పావురం తోక కోత,
పంటికి పన్ను, వెంట్రుక దూరనంత బిగువు.
మూడేళ్లు వేళ్లు కోసుకుని నేర్చుకున్నది.
రెండోది వట్టి గాడి, రెండు కొయ్య సీలలు.
నిజం చెప్పొద్దూ, దాన్ని పక్కన పెట్టిందే
మొదటిదాని అందం తెలియడానికి.

పావురం తోకని బొటనవేలితో తడిమి
"బాగుంది" అంది,
పరాయివాళ్ల పెళ్లికూతుర్ని చూసి అన్నట్టు.
కాసేపాగి అడిగింది:
"జూన్ వానల్లో తెరుచుకుంటుందా?"

మా నాన్న పడవలు కట్టేవాడు.
కొయ్య ఉబ్బడం ఆయనకి వరం.
నీళ్లు తాగిన పలక పక్క పలకని హత్తుకుంటేనే
పడవకి ప్రాణం.
మా ఇంట్లో ఏ రాత్రీ ఎవరూ
ఖాళీ వదలడం గురించి మాట్లాడలేదు.
సొరుగు పడవ కాదని
ఈ వయసులో ఒకరు చెప్పాల్సి వచ్చింది,
అదీ దుంపల సంచీతో వచ్చిన మనిషి.

వజ్రం కాగుతున్న గిన్నె పొయ్యి మీంచి దించేశాను.

పక్కలకి గోరు మందం ఖాళీ.
అడుగున పలక వద్దు, బద్దలు చాలు,
దుంప ఊపిరి కిందికి పోవాలి.
గుండ్రటి బెజ్జంలో పలకల సీల,
ఈ దీవి చర్చిలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

"నేను పోయాక మనవరాలు సుత్తితో తట్టి
ఊడదీసుకోగలదా?"
"గలదు."
"అయితే అదే."

పది సొరుగులు అలాగే చేశాను.
పదకొండోది, అట్టడుగుది,
వెనక మూలలు రెండూ పావురం తోకలు.
గోడ వైపు.
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు,
కూలీ కూడా కలపలేదు.

ఆగస్టులో దారిలో కనిపించింది,
మడమల దాకా మట్టి.
"అన్నీ వెన్నలా జారుతున్నాయి.
ఆ కిందది మాత్రం లాగితే సణుగుతుంది."
నేను చెప్పులకేసి చూసుకున్నాను.
"పోనీలే, దాంట్లో నల్లవి పెట్టాను.
అవీ అంతే, పొగరు."