పొంతన

వూచ్ నగరం, ఫిబ్రవరి, నాలుగో అంతస్తు.
లిఫ్టు లేదు.
సంచిలో మీటరు, చిన్న త్రాసు, సోల్డరింగ్ కడ్డీ,
కొత్త ప్రీయాంప్ ఒకటి,
కోటు జేబులో సగం తిన్న రొట్టె.

గెనొవెఫా గారు తలుపు తీసి
నా కళ్ళకేసి కాదు, పెదాలకేసి చూశారు.
ముప్పై రెండేళ్ళు మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి.
ఆ రొదలో మాటలన్నీ పెదాల మీదే నడిచేవట.
నాడె వెళ్ళిన ప్రతిసారీ
చెవిలోంచి ఒక సన్నపోగు లాక్కుపోయింది.

"పాత పెట్టె కాలిపోయింది, కొత్తది పెట్టు.
పాట మాత్రం నాది నాకు కావాలి."

కార్ట్రిడ్జ్‌కీ ప్రీయాంప్‌కీ పొంతన చూడటం నా వృత్తి.
నలభై ఏడు వేల ఓములు: కుదిరింది.
పికోఫారడ్ల దగ్గర వచ్చింది పేచీ.
గోడ చుట్టూ తిప్పిన ఆ పాత కేబులు,
మూడు మీటర్ల బద్ధకం,
తానొక్కతే నాలుగు వందలు మోస్తోంది.
కార్ట్రిడ్జ్ అడిగేది అందులో సగం.
మిగతా సగం ఫిడేలు గొంతుమీద కూర్చుని
కీచుమనిపిస్తుంది.
పీకేశాను. మూరెడు కొత్త తీగ వేశాను.
మీటరు మీద గీత తిన్నగా వచ్చింది
పడుగులో పోగులా.

సూది దించాను.
ఒబెరెక్ నాట్యానికి వాయించే పల్లెటూరి బృందం.
గుర్రపువెంట్రుక తీగమీద రాసుకోవడం కూడా వినిపిస్తోంది.
నన్ను నేనే మెచ్చుకున్నాను,
మరెవరూ మెచ్చుకోరు కనక.

ఆవిడ స్పీకరు మీద అరచెయ్యి ఆన్చి
చాలాసేపు నిలబడ్డారు.
"డప్పు ఉంది.
ఫిడేలతను ఇవాళ రాలేదా?"

వచ్చాడండీ, ఇదిగో వాయిస్తున్నాడు, అన్నాను
పెదాలు బాగా విప్పి.
ఆవిడ రికార్డు కేసి చూశారు,
నాకేసి చూశారు.
అబద్ధమాడే కుర్రవాళ్ళను
మిల్లులో ఎంతమందిని చూసి ఉంటారో.

చెత్తబుట్టలో చెయ్యి పెట్టాను.
బంగాళాదుంప తొక్కలు దులిపి
పాత కేబులు మళ్ళీ తగిలించాను.

ఈసారి నా పళ్ళు జివ్వుమన్నాయి.
కింది అంతస్తులో కుక్క మొరిగింది.
గెనొవెఫా గారి కుడికాలి చెప్పు
నేలమీద ఒకసారి తట్టింది,
ఆగింది,
మళ్ళీ తట్టింది.
"వచ్చాడు," అన్నారు, "ఎప్పుడూ ఆలస్యమే."

రసీదులో లోడు అన్న గడి ఉంటుంది.
నాలుగు వందలు అని రాశాను.
మా యజమాని నిలదీస్తాడేమోనని
పక్కనే చిన్న అక్షరాల్లో:
చెవితో కలిపి.