శిఖం

హన్మకొండ ఆఫీసు, మూడో అంతస్తు.
ఫ్యాను గాలికి పటం లేవకుండా
నాలుగు మూలలా బరువులు పెట్టాం:
స్టేప్లరు, నా టిఫిన్ డబ్బా,
పాత గెజిట్ల కట్ట, సారంగపాణి సార్ సెల్‌ఫోన్.
ఫోన్ మోగినప్పుడల్లా
ఈశాన్యం మూల లేచి పడుతోంది.

పసుపంటే ఇళ్లు. ఎరుపంటే దుకాణాలు.
ఊదా అంటే షెడ్లు, పొగగొట్టాలు.
లేతపచ్చ అంటే
ఇంకా ఎవరూ కొనలేదని.

మొదటి ప్రతిపాదనలో
ఊరు రింగురోడ్డు దాకా పాకుతుంది;
నర్సంపేట దారి పొడవునా పత్తిచేలు
పసుపులో మునుగుతాయి.
రెండోదాంట్లో ఊరు పక్కకు కాదు, పైకి పోతుంది.
కాజీపేటలో పద్నాలుగేసి అంతస్తులు.
అక్కడిదాకా నీళ్లెట్లా ఎక్కుతాయో
ఏ పేజీలోనూ లేదు.
మూడోది నేను రాసింది.
గొలుసుకట్టు చెరువుల్ని ముట్టుకోకుండా
ఊరే కొంచెం ఒంగి, పక్కనుంచి నడవాలని.
సార్ చదివి "మంచిగుందమ్మా" అన్నారు,
కట్టలో అన్నిటికన్నా కింద పెట్టారు.

అభ్యంతరాలు వినే రోజు
మెట్ల దాకా జనం.
అందరి చేతుల్లోనూ ఒకటే కోరిక, జిరాక్సు తీసినట్టు:
మా పచ్చ తీసెయ్యండి.
కొంకటి అయిలయ్య బల్ల మీద పహాణీ పరిచాడు.
"నా మూడెకరాల చెల్క పచ్చగెందుకున్నది మేడం?
పక్కోనిది పసుపెట్లయింది?
నడుమ గెట్టు జానెడు లేదు.
పచ్చగుంటే నాకేమొస్తది,
మీరు కారుల పోతుంటే సూడబుద్ధయితదనా?"
నా దగ్గర జవాబు లేదు.
"నోట్ చేసుకున్నాం" అన్నాను.
నిజంగానే నోట్ చేసుకున్నాను,
జానెడు గెట్టు అని.

అర్జీ లేకుండా వచ్చినవాడు ఒక్కడే.
నీరటి మొగిలి.
తూముకు తాళం లేని కాలం నుంచీ
గవ్వలకుంట నీళ్లు పంచినవాడు.
పటాన్ని అటువైపు నిలబడి చూశాడు,
మాకు తలకిందులుగా, అతనికి సరిగ్గా.
"సెరువుకు నీలం ఏసిండ్రు, బాగనే ఉంది.
నీళ్లొచ్చే తొవ్వకేది?"
వేలు మత్తడి దగ్గర మొదలైంది,
కత్వ మీదుగా దిగింది,
కొత్త కాలనీ గల్లీలోంచి పోయింది.
పోయిన వానల్లో ఆ గల్లీలోనే
ఫ్రిజ్జు ఒకటి పడవలా తలుపు దాటి వచ్చింది.
వేలు ఇంకా దిగి,
ఒకచోట ఆగింది.

"గీడ గీత ఎందుకొంగింది బిడ్డా?
నీళ్లు గిట్ల ఒంగవు."

వేరేచోట శిఖమంటే తలపైన ముడి అట.
మా దగ్గర చెరువు అడుగు.
వేసవిలో పుచ్చకాయలు పండే నేల,
వాన పడితే చేపలు తిరిగి అడిగే నేల.
ఆ శిఖం అంచునే, సర్వే నంబరు నాలుగొందల పదిహేడులో
నూటయెనభై గజాలు నావి.
పీఎఫ్ లోనుతో కొన్నవి.
హద్దురాళ్లకు సున్నం కూడా నేనే వేశాను.

మూడో ప్రతిపాదన రాసిన రాత్రి
గొలుసంతా గీసుకుంటూ వచ్చి
ఆ ఒక్కచోట
చెయ్యి కాస్త పక్కకు జరిగింది.
ఆవగింజంత పసుపు.
ఆ స్కేలులో ఎవరికీ కనబడదనుకున్నాను.

మొగిలి ఇంకేమీ అడగలేదు.
చాయ్ తాగుతావా అంటే
బస్సున్నది అని వెళ్లిపోయాడు.

సాయంత్రం అయిదున్నర.
రేపు ఫైలు హైదరాబాదు పోతుంది,
అక్కడ ఏ కాగితం పైకొస్తుందో
నాకు తెలియదు.
అయిలయ్యకు నష్టమెవరిస్తారో
అదీ తెలియదు.
రబ్బరు తీసుకున్నాను.
పసుపు అంత తొందరగా పోదు,
రుద్దినకొద్దీ కాగితం గరుకుదేలి
కింద మసక మరక మిగిలింది.
దాని మీదే నీలం వేశాను, కొంచెం గట్టిగా.

అరచేతిలోకి ఊడ్చుకుంటే
చిటికెడు పసుపు పొట్టు.
నూటయెనభై గజాలు.
ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తూ
ఫ్యాను ఆపడం మరిచిపోయాను.