చేబదులు

ఆలపల్లి నుంచి ఎర్రబస్సు పదకొండింటికి పేపరు దింపుతుంది.
మరాఠీ పేపరు.
సిరొంచలో బడి అంతా మరాఠీలోనే చదివాం,
ఇంటికొచ్చి తెలుగులో ఏడ్చాం.
మా పిండి గిర్నీలో బెల్టు ఆగినప్పుడల్లా
జొన్న మూటల మీద కూర్చున్న ఆడవాళ్ళకు
ఒక్కో వార్తా తెలుగు చేసి వినిపించడం నా అలవాటు.

ఆ రోజు మొదటి పేజీ నిండా ఒకటే మాట,
పిడికిలంతేసి అక్షరాలు:
బదలా.
రాత్రి మన విమానాలు హద్దు దాటాయట.

తడుముకున్నాను.
ప్రతీకారం అందామంటే
అది హరికథ చెప్పేవాళ్ళ నోటికి సరిపడే మాట,
పిండి రాలే చోట దానికి నిలబడే జాగా లేదు.
పగ అందామా? పగ పాముకుంటుంది,
సర్కారుకుంటుందా?
కింద చిన్నక్షరాల్లో ఇంకోటి రాశారు, ప్రత్యుత్తర్ అని,
ఎవరో కార్డు ముక్క రాస్తే మనం జాబు రాసినట్టు.
తొందరలో నోటికొచ్చింది అనేశాను:
"మనోళ్ళు బదులు తీర్చిన్రు."

తోకల సమ్మక్క తలూపింది.
"మంచిదే. బదులు ఉంచుకోవద్దు."

ఆమెకు తెలిసిన బదులు అదే.
చుట్టమొస్తే పక్కింటి నుంచి మానికెడు బియ్యం,
గిద్దెడు నూనె,
కాగితం లేదు, వడ్డీ లేదు,
దీపం పెట్టాక ఉప్పు మాత్రం అడగకూడదు.
ఇచ్చేవాళ్ళు తల కొట్టి కొలిచినా సరే
తిరిగిచ్చేటప్పుడు మానిక మీద గోపురం లేవాలి.
పైన ఇంకో పిడికెడు. అది మర్యాద.

లెక్క చదివాను.
మనవాళ్ళు పద్నాలుగు.
వాళ్ళవాళ్ళు అరవై, ఇంకా తేలలేదు.

"గోపురమే లేపిన్రు" అంది వెనక నుంచి ఎవరో,
నవ్వాలో వద్దో తెలియని గొంతుతో.

అంకుబాయి జల్లెడ కింద పెట్టలేదు.
పద్నాలుగులో ఆరోవాడు ఆమె బానయ్య.
పోయిన నెల ప్రాణహిత వంతెన మీదుగా
పెట్టెలో వచ్చాడు. జెండా మడత పెట్టి ఆమె చేతికిచ్చారు,
ఎక్కడ దాచాలో తెలియక బియ్యం డబ్బాలో పెట్టింది.
ఇవాళ పేపర్లో వాడి ఫోటో ఉంది.
కింద పేరు బాణయ్య అని పడింది.

"గిర్నీ బాపూ,
బియ్యం ఇచ్చినోళ్ళకు బియ్యమే తెచ్చియ్యాలె గద?
నేను ఇచ్చింది కొడుకును.
ఎవలింట్లనో పొయ్యి ఆర్పి వచ్చి
నా బదులు తీరిందంటరేంది?"

బెల్టు వేశాను. చప్పుడు నాకు పనికొచ్చింది.

ఆమె వంతు పిండి ఇంకా వెచ్చగా ఉంది.
చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది,
జ్వరం చూసినట్టు.
కొంగు విప్పింది, చిల్లర చాల్లేదు.
"ఏడు రూపాయలు రేపిస్త. బదులు రాసుకో."

ముప్ఫై ఏళ్ళుగా నా ఖాతా పుస్తకంలో
ఆ వరసకు పేరు అదే,
నా చేతి రాతే.
ఆమె పేరు రాశాను. ఏడు వేశాను.

మూడింటికి టేకడా నుంచి ఇంకో గుంపొచ్చింది, మిరప కూలీలు.
మిర్చి ధరతో మొదలుపెట్టాను.
ఒక పిల్ల వంగి, మొదటి పేజీ మీద వేలు పెట్టి అడిగింది,
ఇంత పెద్దగా ఏం రాశారని.

"అది మరాఠీ మాట" అన్నాను.
"మనలో లేదు."

పుస్తకం తెరిచే ఉంది.
పిల్లకు చదవడం రాదు.