తేలేవి, మునిగేవి

రావులపాలెం దాటాక వంతెన కనబడే మలుపులో
ఖాజావలి షెడ్డు. అక్కడ
ఇవాళ ఓ మ్యాజిక్ బండి చచ్చిపోయింది.
ఇనుము పొద్దున్నే వెళ్ళిపోయింది, దానికి దారి తెలుసు.
రాగి ఇంకా ముందే.
మనకి మిగిలింది పొట్టు.

కూర్చో మంగతాయీ, చేతికి గుడ్డ చుట్టుకో.
ముందు తిరగేసి చూడు,
బంపరు లోపలివైపు చిన్న అక్షరాలుంటాయి
పుట్టుమచ్చల్లా.
అరిగిపోయాయా? నన్నడక్కు, నేలకేసి కొట్టు.
టప్పుమంటే ఒకటి, టంగుమంటే వేరొకటి.
అప్పటికీ తెలీకపోతే గోరంత ముక్క వెలిగించి
వెంటనే ఆర్పు.
కొవ్వొత్తి వాసనొస్తే మనది.
వైరు తొడుగుని మాత్రం నిప్పుకి చూపించకు,
నా దగ్గు అక్కడే మొదలైంది.

డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి జిగురు మరక
వినాయకుడు కూర్చున్న చోటు.
గనిరాజు ఆయన్ని ఊడదీసి
చొక్కా జేబులో వేసుకెళ్ళాడు.
బంపరు మీద పిల్లల పేర్లు వదిలేశాడు.
గోకాలి. స్టిక్కరుంటే కిలోకి రూపాయి కోత.
లాస్య అంత తేలిగ్గా ఊడదు.

ఇక తొట్లు.
ఇందులో మంచినీళ్ళు. తేలింది తెల్లగోతాంలోకి,
మునిగింది పక్క తొట్లోకి.
పక్కదాంట్లో కల్లుప్పు, కోడిగుడ్డు పైకి లేచేదాకా.
ఇది ఖాజావలి నేర్పింది కాదు.
మా నాన్న కౌలుచేనుకి
విత్తనం ఇలాగే ఎంచేవాడు.
తాలు తేలేది, దోసిలితో తోడి గట్టు మీద పారబోసేవాడు.
అడుక్కి దిగినవే గింజలు.
ఈ షెడ్డులో లెక్క తిరగబడింది,
తేలినదానికే ధర.
వచ్చిన కొత్తలో నెల్లాళ్ళు
నా చెయ్యి ఊరుకునేది కాదు.
తేలినదల్లా తోడి పారబోసి
తిట్లు తినేదాన్ని.

ఇంకోటుంది.
నురుగు అతుక్కుని, గాజుపీచు కలిసి
తేలకా మునగకా నీళ్ళ మధ్య నిలబడేది.
దానికి గోతాం లేదు, షెడ్డు వెనక గుట్ట.
మొన్న శ్రావణంలో వరదొచ్చి
ఆ గుట్టని ఎత్తుకుపోయింది.
గోదారమ్మకి ఏరడం రాదు కదా,
కింద లంకల్లో అరటిచెట్లకి
సీటు నురుగు తగిలించి పోయింది.
మా అక్క ఫోను చేసి
"మీ బండి మా తోటలో ఆగిందే" అంది.
నవ్వబోయాను.
అవతల అది నవ్వలేదు.

సరే, గుడ్డు తెచ్చావా?
ఇలా ఇవ్వు. పొద్దుటిదేనా?
పాత గుడ్డయితే మంచినీళ్ళలోనూ తేలుద్ది,
అబద్ధం చెప్పి రోజంతా పాడుచేసుద్ది.