ఎనిమిది అడుగుల అతుకు

నేవీ డే సాయంత్రం. ఆర్కే బీచిలో ఇసక కనపడనంత జనం.
హెలికాప్టర్ల గాలికి ముంత మసాలా పొట్లాలు ఎగిరిపోతున్నాయి.
నా భుజాలెక్కిన మా చెల్లెలి మనవరాలు లోహిత
దీపాల తోరణాలు కట్టుకున్న ఓడల్లో చివరిదాన్ని చూపించి
"తాతా, అది మనదా?" అంది.
మనదే అన్నాను.
"అంటే నీదా?"

నాది, నిజంగానే, ఎనిమిది అడుగులు.
యుద్ధం చేసేది కాదు అది, చేసేవాళ్లకి నూనె మోసే ఓడ.
మూడో ట్యాంకు అడుగున, నీటిగీత కింద,
చేపలు తప్ప ఎవరూ చూడని చోట నా అతుకు.
మొదటిసారి ఎక్స్‌రేలో వెంట్రుకంత పగులు తేలితే
కాల్చి, చెక్కి, రాత్రంతా మళ్లీ పోశాను.
తెల్లారి షిప్‌యార్డు గేటు దాటి వస్తుంటే
సింధియాలో టీ కొట్టువాడు
"ఏటి బావూ, కొడుకు పుట్టినాడేటి?" అన్నాడు.
ఆ గర్వానికి రసీదుంది.

హిమాలయాలకేది?
నేనొక్క రాయైనా ఎత్తలేదు.
కేజీహెచ్‌లో మా అమ్మకి నొప్పులొచ్చిన గంటకి
ఆ మంచం కింద ఈ నేల ఉంది, అంతే.
పుట్టడంలో నా పనితనం ఏముంది?

మా మామగారు ముసలయ్య జీడితోట
ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయింది.
ఆర్ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి
పోయేదాకా చొక్కా జేబులో మోశాడు. పిలుపు రాలేదు.
కొలిమి మొదటిసారి వెలిగిన రాత్రి
డాబా ఎక్కి చాలాసేపు చూశాడు.
"మన తోట మీద ఎంత ఎర్రగున్నాదో సూడర్రా!"
ఆ గొంతులో ఉన్నదాన్ని ఏమంటారో
ముప్పై ఏళ్లు దాటినా నాకు తెలీలేదు.

నూకరాజుది పెదజాలారిపేట.
బోటు ఇంజిన్ చెడి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి
పరాయి జైల్లో తొమ్మిది నెలలున్నాడు.
"అక్కడెవుడూ పేరడగలేదు బావా, దేశం అడిగినారు."
అప్పుడు గర్వమనిపించిందా అంటే నవ్వాడు.
"ఆకలనిపించింది."
చుట్ట సగం కాలాక తనే అందుకున్నాడు:
కాపలావాడు ఓ రోజు మన దేశాన్ని తిట్టాడట.
భాష రాకపోయినా తిట్టు తెలుస్తుంది కదా.
"నానంటే రోజూ తిడతాను. ఆడెవుడు?"
ఆ పూట కూడు ముట్టలేదట.
ఇవాళ విన్యాసాలని వేటకి పోనివ్వలేదు వాణ్ణి.
ఈపాటికి పేటలో, బాణసంచాకి వీపు పెట్టి
వల బాగుచేసుకుంటూ ఉంటాడు. తిడుతూ ఉంటాడు.

ఇందాకే, సబ్‌మెరైన్ మ్యూజియం పక్కన,
ఎవరో విదేశీ పిల్ల ఒంటరిగా నడుస్తుంటే
కుర్రాళ్లు మూగి మొహమ్మీద ఫోన్లు పెట్టారు. అడగలేదు.
నేను తోసుకుని వెళ్లేలోపు
చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డెక్కేసింది.
నా చెవులు కాలాయి.
నేను చెయ్యలేదు. ఆ కుర్రాళ్లెవరో నాకు తెలీదు.
మరి ఈ సిగ్గుకి రసీదేది?
హిమాలయాల దగ్గర అంత తెలివిగా లెక్కలడిగినవాణ్ణి
ఇక్కడ నోరు పెగల్లేదేం?

ఆకాశంలో మూడు రంగుల పొగ. పక్కనాయన జేజేలు కొట్టి
"చెయ్యెత్తవేంటండీ?" అన్నాడు.
రెండు చేతుల్లోనూ పిల్ల కాళ్లున్నాయని చూపించాను.

"నీ ఎనిమిది అడుగులూ తుప్పు పట్టవా తాతా?"
పడతాయమ్మా. ఉప్పునీరు ఎవరి అతుకూ వదలదు.
అందుకే ఓడని డ్రైడాకులోకి తెచ్చి, నీళ్లు తోడేసి,
కట్టినవాళ్లే దాని పొట్ట కిందికి దూరి
సుత్తితో కొట్టుకుంటూ పోవాలి, జానా జానా.
గట్టిగా ఉన్నచోట గుడిగంటలా పలుకుతుంది.
"పాడైపోయిన చోట?"
ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే
తనే నా నెత్తి మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి,
వొంగి, చెవి ఆనించి విని,
"ఇలాగా?" అంది.