పరిగె

పెద్ద యూనివర్సిటీలు కోత కోసుకుని వెళ్లిపోయాక
మేం వస్తాం, పరిగె ఏరుకోవడానికి.

ఫిబ్రవరి. మిన్నెసోటా ఉత్తరపు కొస.
బయట సున్నాకి ముప్ఫై కింద. లోపల, రింకులో, కాస్త నయం.
చెక్క బెంచీ మీద దుప్పటి పరిచి కూర్చున్నాను,
పెన్నులో ఇంకు బిగుసుకుపోయింది, పెన్సిలే దిక్కు.
ఫ్లాస్కులో ఉన్నది ఇప్పుడు పేరుకే కాఫీ.
నాలుగు గంటలు నడిపాను ఈ ఆట కోసం.
మా కాలేజీ కారులో ఎడమవైపు హీటరు పనిచెయ్యదు.
ఎడమవైపు కూర్చునేది నేనే.

అందరి కళ్లూ తొమ్మిదో నంబరు మీద.
రెండేళ్ల కిందటే మాటిచ్చేశారు పెద్దవాళ్లు,
ఫీజూ బసా భోజనం అన్నీ వాళ్లవే.
ఆ పిల్ల మలుపు తిరిగితే మంచుకి కూడా తెలీదు.
అందని ద్రాక్షే. పుల్లనని మాత్రం అనను,
మహా తియ్యగా ఉంది.
పేజీ తిప్పేశాను.

నేను వచ్చింది ఇరవై రెండు కోసం.
సైమీ కంగస్. ముత్తవ్వ పేరట.
మొదటి పీరియడ్‌లో పక్ పోగొట్టుకుంది, వెంటనే గోల్ పడింది.
గోల్ కొట్టినప్పుడు ఎవరైనా చూస్తారు,
పోగొట్టుకున్నాక ఏం చేస్తుందో చూడ్డానికే నాకు జీతం.
తల వాల్చలేదు. కర్ర విసిరికొట్టలేదు.
గోల్‌కీపర్ దగ్గరికి జారుతూ వెళ్లి
ఆమె కాలి ప్యాడ్ మీద కర్రతో రెండుసార్లు తట్టి
గీత దగ్గరికొచ్చి మళ్లీ నడుం వంచింది.
రాసుకున్నాను: రెండుసార్లు తట్టింది.

ఆట అయ్యాక నడవాలో
తడి గ్లౌజుల వాసన, పాప్‌కార్న్ వాసన.
వాళ్ల నాన్న గని షిఫ్టు నించి నేరుగా వచ్చాడు,
కనుబొమల్లో ఇంకా ఎర్రదుమ్ము.
"ఎంతిస్తారు?" అన్నాడు, కూర్చోకుండానే.
మార్కులకి కొంత, అవసరానికి కొంత.
కాళ్లకి మాత్రం ఒక్క డాలరు లేదు, అన్నాను.
మా మెట్టు కాలేజీలకి అదే రూలు.

పిల్ల అడిగింది: "నేను ఎన్నో లైనులో ఆడతాను?"

ఇక్కడే అబద్ధమాడతారు ఈ పనిలో.
ఆరు ఖాళీలకి ఇరవై మందికి
"నువ్వే కావాలి" అని ఉత్తరాలు రాసేవాళ్లని ఎరుగుదును.
ఒక ఏడాది నేనూ రాశాను.
ఆ ఏడాది వచ్చిన పిల్ల ఒకతె, మారెన్,
ఒక్క ఆటా ఆడకుండా అక్టోబరులో పెట్టె సర్దుకుంది.
వాళ్లమ్మ చిన్న కారులో హాకీ కర్రలు పట్టలేదు.
కిటికీ దించి, సగం బయటికి పెట్టుకుని,
ఆ చలిలో అలాగే వెళ్లారు.
చెయ్యూపడానికి చెయ్యెత్తాను కూడా, సిగ్గులేకుండా.

"నాలుగో లైను," అన్నాను. "మొదటి ఏడాది
బెంచీ మీద ఎక్కువ. తర్వాతి సంగతి నాకూ తెలీదు."

సైమీ ఏమీ అనలేదు. కాసేపు
హెల్మెట్ పట్టీ బొత్తం పెట్టింది, తీసింది, పెట్టింది.
తర్వాత అడిగింది:
"స్కేట్లకి పదును ఎవరు పడతారు?"

అప్పుడు చూశాను ఆ పెద్దమనిషి మొహం.
పదేళ్లుగా షెడ్డులో, ప్రతి ఆట ముందురోజు రాత్రి
అతనే పడుతున్నాడట.
ఇప్పుడు గోడమీది పాత టీముల ఫోటోల్ని
శ్రద్ధగా చదువుతున్నాడు, ఒక్కొక్క పేరూ.

"మెషీను ఉంది. నేనే పడతాను."

ఫోటోల వైపు నుంచి తిరక్కుండానే అన్నాడు:
"అరంగుళం గుంట అందరికీ పెడతారు.
దీనికి అర నూలు తక్కువుండాలి.
ఎడమ మడమ మీద బరువెక్కువ వేస్తుంది."
మళ్లీ అన్నాడు: "రాసుకో."

రాసుకున్నాను.

వస్తామనలేదు. రామనీ అనలేదు.
ఇంకో మూడు కాలేజీల ఉత్తరాలున్నాయట ఇంట్లో,
రంగుల కాగితం మీద.

పదకొండు దాటింది. రోడ్డుకి రెండువైపులా మంచు గోడలు.
ఎడమకాలు ఎప్పుడో మొద్దుబారింది.
పక్క సీట్లో నోటుబుక్కు తెరిచే ఉంది,
ఎదురొచ్చిన లారీ వెలుగులో ఒక్క క్షణం కనిపించింది పేజీ:
రెండుసార్లు తట్టింది.
అర నూలు తక్కువ.